భోంపూ మోగని పెళ్ళి

అసిరయ్యకి డైరెక్టరు పిచ్చి. హీరోల పిచ్చి ఎవరికుండదు, అదేం విశేషం! జంషెడ్‌పూర్ సీతారాండేరాలో కాపురముంటూ రోలింగ్ మిల్లులో పనిచేసే ఈ శ్రీకాకుళం మనిషి మాత్రం, పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆ ఒక్క పేరుకే దణ్ణం పెడతాడు.

డెబ్భై తొమ్మిది నాటికి ఆ డైరెక్టరుకి ఢిల్లీలో అవార్డులు. ఆ ఏడు తెలుగు సంఘం వాళ్ళు ఆదివారం పొద్దుటాటకి ఆయన అవార్డు సినిమానే తెప్పిద్దామన్నారు. అసిరయ్య ఒప్పుకుంటేనా!

"అందులో ముసిలోడు రీలంతా వాన సూత్తాడు, అంతే! ఆయన తొలి సినిమా, ఆ పెళ్ళి సినిమా తెప్పించండి బాబూ. తాళి కట్టీయేళకి షిఫ్టు భోంపూ, అదే మిల్లు సైరను, మోగుతాది. పెళ్ళికొడుకు, పంతులు, సన్నాయోడు డ్యూటీకి ఒకటే పరుగు! ఒకడి సెప్పులు ఇంకొకడికి! హాలు నవ్వకపోతే నా మీసం తీయించేత్తాను."

ప్రెసిడెంటు నారాయణమూర్తి సరేనన్నాడు, మీసం మాట మర్చిపోనని కూడా అన్నాడు. ఇక సింహాచలమ్మకైతే, మొగుడు చెప్పగా చెప్పగా, ఆ సినిమా చూడకుండానే ఆ సీను కంఠతా వచ్చు.

రీళ్ళ పెట్టె తెచ్చే రైలు ఆలస్యమై ఆట గంట లేటయింది. అయితేనేం, మొదటి రీలు నుంచే నవ్వులే నవ్వులు. డైలాగులన్నీ అసిరయ్య ముందే చెప్పేస్తుంటే వెనకనుంచి "చుప్ రహో భాయ్!" అని కేకలు.

పెళ్ళి రానే వచ్చింది. హాలంతా చెవులు రిక్కించింది. తాళి పడింది, అక్షింతలు పడ్డాయి. భోంపూ లేదు.

నారాయణమూర్తి వెనక్కి తిరిగి రెండు వేళ్ళూ కత్తెరలా ఆడించాడు.

"ఏటయ్యా, గోదారొడ్డున పెళ్ళికి భోంపూ ఎక్కడిది?" అంది సింహాచలమ్మ. "ఈ సినిమా నువ్వెప్పుడు సూసినావు?"

"నైట్ డ్యూటీ దిగీసి... ఈ హాల్లోనే."

"అయితే నిద్దరోయినావు!"

ఇన్నేళ్ళూ డైరెక్టరు గొప్పతనమని ఊరంతా చాటింది తన కలనా! అసిరయ్య చెయ్యి మీసం మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే బయట కార్ఖానా భోంపూ కూసింది. మధ్యాహ్నం బి షిఫ్టు! సగం హాలు దిగ్గున లేచి, కుర్చీల కింద చెప్పులు తడుముకుంటూ, దొరికినవి తొడుక్కుంటూ గుమ్మం వైపు పరుగు తీసింది. మిగతా సగం ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, పొట్టలు పట్టుకుని నవ్వింది. నారాయణమూర్తి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ వేళ అసిరయ్యకీ బి షిఫ్టే. నవ్వాపుకోలేక, కుంటుతూ పరిగెత్తాడు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి పెళ్ళానిది.

"మీసం ఉంచుకో గాని," వెనకనుంచి సింహాచలమ్మ అరుస్తోంది, "నా సెప్పు ఇచ్చీసి పోవయ్యా!"