సర్కారు ఖర్చు మీద సింగపూర్

మాది జనగామ. భూపాలపల్లిలో కొన్నేళ్లు చేసి, ఇప్పుడు బయ్యారం దగ్గర ఒక తండా బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. విదేశీ బడులు చూసి రమ్మని సర్కారు కొందరు టీచర్లను పంపితే వాళ్లలో నేనూ ఉన్నాను. విమానం, హోటలు, భోజనం, అన్నీ ప్రభుత్వ ఖర్చే. ఈ సంగతి నలుగురికీ తెలిశాక మహబూబాబాద్ బస్టాండులో ఛాయ్ తాగడం కూడా కష్టమైపోయింది.

"మా పైసలతోటి షికారా మేడం?" అన్నాడు ఒకాయన నవ్వుతూ.

నాకసలే ముక్కు మీద కోపం. "నీ పన్నుకు విమానం టైరు గూడ రాదన్నా" అనేశాను. అన్నానే గానీ ఆ ప్రశ్న సింగపూర్ దాకా నన్ను వదల్లేదు.

అప్పటికే బడిలో నాకొక బెంగ ఉంది. ఒకటో తరగతి పాప. ఇంట్లో లంబాడీయే తప్ప తెలుగు వినదు, బడిలో నోరు విప్పదు. ఒకటికి వచ్చినా అడగలేక బట్టలు తడుపుకుని ఏడుస్తుంది. వాళ్లమ్మ విసిగిపోయింది.

"దసరా సెలవులు కాంగనె ప్రైవేటు బడి బస్సెక్కిస్త మేడం. గీడ నా బిడ్డ ఇజ్జత్ పోతాంది" అని తేల్చి చెప్పింది. అక్కడ ఆ పాప మాట తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ బడీ సరిపడక మొత్తానికే చదువు మానేస్తుందేమోనని నా భయం.

సింగపూర్‌లో ఒకరోజు మమ్మల్ని ఒక బడిలో కూర్చోబెట్టారు. అద్దాల గది, ఎముకలు కొరికే ఏసీ, గడగడా ఇంగ్లీషు. మధ్యలో నాకు బాత్రూముకు వెళ్లాల్సి వచ్చింది. టాయిలెట్ అన్న మాట రాక కాదు, అంతమంది ఇంగ్లీషు మధ్య నోరు పెగల్లేదు. నాతో వచ్చిన టీచర్లంతా మగవాళ్లు. ఇక ఆపుకోలేక, ఎదురుగా ఉన్న ఆ బడి టీచరమ్మకు చిటికెన వేలు చూపించాను, మన పిల్లలు చూపించినట్టే. ఆమె సంబరంగా నవ్వి తన చిటికెన వేలు నాకు చూపించింది. మా దేశపు నమస్కారం అనుకుంది కాబోలు! ఎలాగో లేచి వెళ్లి వచ్చానుగానీ, కళ్లలో నీళ్లు ఆగలేదు. మా పాపే గుర్తొచ్చింది.

తిరిగొచ్చాక తల్లులు బడి వరండాలో చేరారు. జాతరకు పోయినవాళ్లు పోనివాళ్లకు ప్రసాదం పంచాలి కదా, నేనూ చాక్లెట్లు పంచబోయాను.

"గివి పిల్లలకియ్యుండ్రి. గాడ ఏం నేర్చుకున్నరో మాకు చెప్పుండ్రి. మా పైసలతోటే పోతిరి" అందొకామె.

మళ్లీ అదే మాట. ఈసారి మాత్రం కోపం రాలేదు. చెప్పడానికి అక్కడి గదులు, కంప్యూటర్లు చాలానే ఉన్నాయి. నా నోటికి వచ్చింది మాత్రం ఆ చిటికెన వేలి కథ. ఒకరినొకరు చరుచుకుంటూ నవ్వారు. పాప తల్లి ఒక్కతే నవ్వలేదు.

"నా బిడ్డకు రోజు గిట్లనే ఉంటదా మేడం?"

"గిట్లనే ఉంటదమ్మా. నాకిప్పుడు తెలిసింది."

పాప ఇంట్లో ఒకటికి వస్తే ఏమని అడుగుతుందో ఆమె దగ్గర నేర్చుకున్నాను. నా నోట్లో ఆ మాట వంకర తిరుగుతుంటే అందరూ మళ్లీ నవ్వారు. మర్నాడు పాప చెవిలో మెల్లగా ఆ మాటే అడిగాను. కళ్లు ఇంతింత చేసుకుని నన్ను చూసి తల ఊపింది. నా చెయ్యి పట్టుకుని నడిచింది. ఆ తర్వాత దసరా దాకా బట్టలు తడవలేదు.

ఆ ప్రయాణంలో ప్రతి పైసా సద్వినియోగమైందని గొప్పలు పోను. బజార్లు తిరిగాం, ఫోటోలూ దిగాం. అయినా నన్ను పంపినవాళ్లకు, అంతకంటే ఎక్కువగా ఏం నేర్చుకున్నావని నిలదీసిన ఆ తల్లులకు, నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

దసరా తర్వాత బడి తెరిచిన పొద్దున తండా చివర ప్రైవేటు బడి పసుపు బస్సు హారన్ వినిపించింది. పాప ఎక్కేసి ఉంటుందనుకున్నాను. కాసేపటికి పాప సంచి ఊపుకుంటూ మా గేట్లోకి పరుగెత్తుకొచ్చింది. వెనకే రొప్పుతూ వాళ్లమ్మ.

"ఎంత చెప్పినా బస్సెక్కతలేదు మేడం. మా మేడంకు నా మాటలన్నీ వస్తయ్, నేను గాడికే పోత అంటాంది."

నాకు వచ్చింది ఆ ఒక్క మాటే.