రాట్నం దగ్గర కూర్చోబెట్టిన ఫొటో

డెబ్బైల చివర్లో నేను అమలాపురం నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఒక సైకిలు, ఒక చేతిసంచి, సాయంత్రం బస్సులో వెయ్యాల్సిన వార్తల కవరు, నా ఉద్యోగమంతా అదే. కొబ్బరి ధర పడిపోవడం, లంకల్లోకి వరద రావడం, మంత్రిగారి పర్యటన రాసుకుంటూ పోతే ఏడాది గడిచిపోయేది. ఆ రోజుల్లో నేను పంపిన వార్తల్లో ఆడవాళ్ళ పేర్లు ఎక్కడొచ్చేవా అని ఇప్పుడు ఆలోచిస్తే, నూతిలో పడి చనిపోయినవాళ్ళవే ఎక్కువ గుర్తొస్తున్నాయి.

ఊరికి నాలుగైదు మైళ్ళ దూరంలో నేతగాళ్ళ పేట ఒకటి ఉండేది. అక్కడ నేసిన చీరకు జిల్లాలో జరిగిన ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిందని నేత సంఘం ప్రెసిడెంటుగారు కబురు పెట్టారు. ఆ సంఘమే నూలు ఇచ్చేది, నేసిన బట్ట తీసుకునేది. సభ్యత్వం లేనివాళ్ళకు నూలు లేదు. నూలు లేకపోతే ఇంట్లో మగ్గం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

స్టూడియో ఫొటోగ్రాఫర్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. వీధిలోకి మగ్గం చప్పుడు వినబడుతోంది. మేం గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. లోపల, మగ్గం కింద కాళ్ళు పెట్టుకోవడానికి తవ్విన గుంటలోంచి ఒకావిడ పైకి లేస్తోంది. మా వైపు రెండడుగులు తవ్వితే చెమ్మ. ఆవిడ పాదాలకు తడిమట్టి అంటుకుని ఉంది. మూల నులక మంచం మీద ఉన్న భర్త దగ్గుకుంటూ లేచి, తువ్వాలు భుజాన వేసుకుని ఆ గుంటలోకి దిగి కూర్చున్నాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. అలవాటైన పనిలాగే ఉంది.

"ఈ చీర మీరే నేసేరాండీ?" అని అడిగాను.

"ఆయ్. సంఘంలో పేరు నాదేనండి," అన్నాడాయన.

నేను అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి. అది నాకు తెలియకపోలేదు. ఆ పేటలో పడుగుకు గంజి పెట్టడం, కండెలకు నూలు చుట్టడం ఆడవాళ్ళ పని. గుంటలోకి మాత్రం మగవాడే దిగాలి. మగవాడు మంచాన పడ్డ ఇళ్ళలో ఏం జరుగుతుందో పేటంతటికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. నేనూ అనలేదు.

ఫొటోగ్రాఫర్ కెమేరాలోంచి చూసి, "ఆవిడ ఊరికే నిలబడితే బోసిగా ఉందండీ," అన్నాడు.

"అమ్మా, మీరలా రాట్నం దగ్గర కూర్చోండి. కండె చుడుతున్నట్టు," అన్నాను.

"కండెలు పొద్దున్నే చుట్టేసేనండి."

"చుడుతున్నట్టు ఉంటే చాలమ్మా."

ఆవిడ ఒకసారి భర్త వైపు చూసి, వెళ్ళి కూర్చుంది. మూడో రోజున ఫొటో అచ్చయింది. కింద నేను రాసిన రెండు లైన్లు: బహుమతి చీరను నేసిన కళాకారుడు ఫలానా, పక్కన కండెలు చుట్టి సాయపడుతున్న ఆయన భార్య. ఆవిడ పేరు నేను అడగనే లేదు.

రెండేళ్ళో మూడేళ్ళో గడిచేయి. ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఇంటి మెట్ల దగ్గర నిలబడి ఉంది. బొట్టు లేదు. ఎవరో పోల్చుకోలేకపోయాను.

"రాట్నం దగ్గర కూర్చోబెట్టేరు గదండీ," అంది.

భర్త పోయి మూడు నెలలైంది. సంఘంలో ఆయన పేరు కొట్టేశారు. తన పేరు రాయమని వెళ్ళి అడిగితే, నేత వచ్చినవాళ్ళకే సభ్యత్వం అన్నారట.

"తొమ్మిదేళ్ళ నుంచి నేస్తున్నది నేనే బాబుగారూ. ఆయనకి ఉబ్బసం మొదలైన కాణ్ణించీ. బహుమతి చీరా నేనే."

"మరి ఆ మాట వాళ్ళతో చెప్పలేదా?"

"చెప్పేనండి. గోడ మీద మీ ఫొటో చూపించేరు."

మర్నాడు ఆవిడతో పాటు సంఘం ఆఫీసుకు వెళ్ళాను. ప్రెసిడెంటుగారు మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి సోడా తెప్పించారు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది. మా పత్రిక ముక్క గోడకు ఫ్రేము కట్టి ఉంది.

"మీరు వేయించిందే గదండీ బాబుగారూ. కండెలు చుట్టి సాయపడుతున్న భార్య అని శుభ్రంగా అచ్చులో ఉంది. కాదనమంటారా?"

"అది నా పొరపాటండీ. రాట్నం దగ్గర నేనే కూర్చోమన్నాను."

గుమాస్తా కాగితాల్లోంచి తలెత్తి నవ్వాడు. "అయితే పేపర్లో అబద్ధాలు కూడా రాస్తారన్నమాట. మేం ఇన్నాళ్ళూ నమ్మి చదివేం గదండీ!"

గుమ్మంలోంచి ఆవిడ అంది: "ఎవరి మగ్గం మీదైనా సరే, కూర్చోబెట్టి చూడండి. మీ ఎదురుగానే నేసి చూపిస్తాను."

"నీకు వచ్చునా రాదా అని నేనడిగేనా అమ్మా?" అన్నారు ప్రెసిడెంటుగారు, గొంతు పెంచకుండానే. "ఆడమనిషి గుంటలోకి దిగిందని సంఘమే రాసిచ్చేస్తే, రేపు మన ఇళ్ళల్లో మగాళ్ళు మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నా వైపు తిరిగారు. "పోనీ, పొరపాటని పేపర్లో వేయించండి. ఆ ముక్క పట్టుకొస్తే కమిటీలో పెడతాను."

బయటికి వచ్చాక ఆవిడ అంది: "మా ఆయన పేరు తియ్యకండి. పక్కన నాది కూడా రాయండి, చాలు." అప్పుడు అడిగాను పేరు.

ఆ రాత్రే సవరణ రాసి, మర్నాటి బస్సులో వేశాను. పది రోజులు చూశాను. మళ్ళీ రాశాను. తర్వాత వేరే పని మీద మా పత్రిక ఆఫీసుకు వెళ్ళినప్పుడు, డెస్కులో పెద్దాయన్ని అడిగాను.

"ఎప్పటి ఫొటో అండీ అది? ఎవరైనా నోటీసు ఇచ్చేరా?"

"లేదండీ."

"కోర్టుకు వెళ్తానందా ఆవిడ?"

"ఆవిడా? లేదండీ."

"మరింకేం," అని టీ తెప్పించారు. తాగాను. అప్పటికి నాకు డెస్కులో ఉద్యోగం ఇస్తారన్న మాట నడుస్తోంది. సవరణ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక, సవరణ పడలేదని ఆవిడతో చెప్పి రావాలని పేటకు వెళ్ళాను. లోపల మగ్గం ఆడుతోంది. ఆవిడ మాత్రం అరుగు మీద కూర్చుని కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచింది.

"మా మరిదికి రాసేరండి సభ్యత్వం. రావులపాలెంలో అరటి గెలలు ఎత్తేవాడు, వచ్చేసేడు. చిన్నప్పుడు నేర్చుకున్నాడు లెండి కొంచెం. మంచివాడే. నూలైతే వస్తోంది గదా." చేతిలోని కండె సర్దుకుంటూ అడిగింది: "పేపర్లో పడిందాండీ?"

నేను నోరు తెరిచేలోగా లోపల చప్పుడు మారింది. నాకు తెలియలేదు. ఆవిడకు తెలిసింది.

"ఆపు అబ్బీ. పోగు తెగింది. ఎడం పక్కన."

"అక్కణ్ణించి నీకేం కనబడుద్ది వదినా? నీ కండెలు నువ్వు చూసుకో!" అన్నాడు మరిది. చప్పుడు మాత్రం ఆగింది. చాలాసేపు వెతికినట్టున్నాడు. ఆ తర్వాత తగ్గిన గొంతుతో, "దొరకట్లేదు. ఓసారి రా," అన్నాడు.

ఆవిడ చేతిలో కండె అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. అతను బయటికి వచ్చాడు. వస్తూ తలుపు దగ్గరగా వేశాడు. నాకు దణ్ణం పెట్టి, ఆవిడ లేచిన చోటే కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది, ఈసారి ఎక్కడా తడబడకుండా. అది ఆగలేదు. అతనూ లేవలేదు. సంఘంవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని వీధి చివరిదాకా చూస్తూ కూర్చున్నాడు.