పట్టా ముక్క మీద మూడు దెబ్బలు

మా మావయ్య రైల్వేలో పాయింట్స్‌మన్. చిన్న స్టేషన్ వరండాలో వేలాడే రైలుపట్టా ముక్కని సుత్తితో కొట్టి బండి వస్తోందని చెప్పడం ఆయన పని. ముప్పయ్యేళ్లు ఇనుమును కొట్టిన చెయ్యి అది. సెలవురోజున ఇనుము దొరక్క నన్ను కొట్టేవాడు. నేను ఏడో తరగతిలో బడి మానేశానని తెలిసిన సాయంత్రం నా ఎడమ చెవిలోంచి గూడ్సుబండి ఒకటి వెళ్లింది. దాని ఆఖరి పెట్టె ఇంకా దాటలేదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక ఒకరోజు మెత్తగా, "అల్లుడూ, నన్నొకసారి స్టేషన్లన్నీ తిప్పరా" అన్నాడు. నాకు పాత అంబాసిడర్ కారుండేది. చదువుకోలేదు కనక తీరికా ఉండేది. ఎదుటివాడు ఫోన్ చేసినా మన సెల్లులో డబ్బులు కరిగిపోయే రోజులవి.

ఆయన కోరిక చిన్నది. రిటైర్మెంటుకి వారం ముందు స్టేషన్లో కరెంటు గంట పెట్టి, పట్టా ముక్కని దించేశారు. ఆఖరి డ్యూటీ రోజున ఆఖరి బండికి గంట కొట్టనివ్వకుండా మెడలో దండేసి పంపించారు. "శవానికి కూడా డప్పు కొడతారు కదరా" అని ఏడాదిపాటు గొణిగాడు. ఆ ముక్క ఎక్కడుందో వెతికి ఒక్కసారి కొట్టాలి, అంతే. ఏదో మ్యూజియంకి ఇచ్చేశారని ఎవరో చెప్పారు. సంచిలో పాత సుత్తి పెట్టుకుని కారెక్కాడు.

రాజమండ్రిలో గోదావరి స్టేషన్ గోడల్ని ఆవుని నిమిరినట్టు నిమిరాడు. తరవాత మ్యూజియం. గాజు వెనక కత్తులున్నాయి.

"వీటితో ఎంతమందిని నరికారండీ?" అని అక్కడి ఉద్యోగిని అడిగాను.

"మీలాగా అద్దం మీద వేలు పెట్టినవాళ్లందర్నీనండి."

"రైలు సామాను ఏమన్నా ఉందాండీ?" అన్నాడు మావయ్య.

"ఇక్కడ ముక్కులు విరిగిన దేవుళ్లే ఉన్నారండి."

ధవళేశ్వరంలో ఆనకట్ట నాటి పనిముట్లు పెట్టిన మ్యూజియం చూశాం. ఇనపసామాను కనిపించగానే మావయ్య ఆగలేక, పోల్చి చూద్దామని సంచిలోంచి సుత్తి తీశాడు. మ్యూజియంలో సుత్తి తీసినవాడిని ఎవడు నమ్ముతాడు? వాచ్‌మన్ ఆయన కాలరు పట్టుకున్నాడు, నేను వాచ్‌మన్ కాలరు పట్టుకున్నాను, ఇంకొకడొచ్చి నా జుట్టు పట్టుకున్నాడు. అలా నలుగురం గొలుసులా గేటు దాకా వచ్చాం. నా చొక్కా గుండీలు రెండు అక్కడే ఉండిపోయాయి. వాటినీ గాజు వెనక పెట్టారేమో తెలీదు.

నిడదవోలు, తణుకు, భీమవరం అన్నీ చూసి, ఆఖరికి నరసాపురం దారిలో ఆయన పనిచేసిన చిన్న స్టేషన్‌కి చేరాం. పాత కట్టడం పెంకులు కూలి ఉంది. వరండాలో కొక్కెం మాత్రం మిగిలింది.

"ముక్క ఊళ్లోవాళ్లు పట్టుకెళ్లారండి. సొసైటీ గోడౌను చూరుకి వేలాడదీశారు" అన్నాడు అక్కడి పోర్టరు.

ఎందుకు అని మేం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగుంటే బాగుండేది.

ఎండ నెత్తికెక్కిన వేళ. గోడౌను ముందు ఒక పెద్దాయన తప్ప మనిషి లేడు. ఆయనా కునుకు తీస్తున్నాడు. మావయ్య ముక్క మీది దుమ్ముని తువ్వాలుతో తుడిచాడు. తరవాత పంచె ఎగ్గట్టి సుత్తి ఎత్తాడు. మూడు దెబ్బలు. పక్క స్టేషన్లో బండి బయల్దేరిందని అర్థం. ఆ మోతకి నా చెడిపోయిన చెవి కూడా మేలుకుంది.

"ఏం మావయ్యా, బండి ఎన్ని గంటలు లేటు?" అన్నాను.

బండి రాలేదు. ఊరొచ్చింది. ఇంటికో మగాడు, మగాడికో కర్ర. మా వంక చూడనైనా చూడకుండా కాలవగట్టు మీద పరుగెత్తారు. కునుకు తీస్తున్న పెద్దాయన లేచి, "ఎవరండీ కొట్టింది?" అని కేకేశాడు. "మాది కాలవ శివారు ఊరండి. దాళ్వా వరి ఎండిపోతోంది. మా వంతు రోజున ఎగువూరోళ్లు నీళ్లు మళ్లిస్తే ఇది కొడతాం. మూడు కొడితే లాకుల దగ్గరికి కర్రలతో రమ్మని అర్థమండి!"

కారు గట్టు మీదికి దూకించాను. మేం వెళ్లేసరికే కర్రలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. దెబ్బలు తింటున్నది లాకుల గోడ మీద కూర్చుని క్యారేజీ విప్పుకున్న ఎగువూరివాళ్లు నలుగురు. ఒకడి నెత్తి పగిలి పెరుగన్నం ఎర్రబడింది. కొట్టేవాళ్లు తిట్టడం కూడా మానేశారు.

"ఆపండి బాబూ! నేనండీ కొట్టింది! బండికండీ!" అంటూ మావయ్య కుడిచెయ్యెత్తి మధ్యలోకి వెళ్లాడు. ఎవరి నెత్తినో పడాల్సిన కర్ర ఆ మణికట్టు మీద పడింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు.

సంగతి తెలిశాక వాళ్ల కోపం మా మీదికి తిరిగింది. నాకు వీపు మీద నాలుగు పడ్డాయి. మావయ్య చేతివాటం ఎరిగినవాణ్ని, వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆయన్ని మాత్రం మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. ఆ చెయ్యి అప్పటికే వంకరగా వేలాడుతోంది.

నెత్తి పగిలినవాణ్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని భీమవరం ఆసుపత్రికి తోలాను. మావయ్య ఎడంచేత్తో తువ్వాలు ఆ నెత్తికి అదిమి పట్టుకున్నాడు.

"గంట కొట్టింది మీరేనాండీ?" అన్నాడు అతను కళ్లు మూసుకునే.

"నేనే నాయనా."

"ఆ గంట వినపడితే మేం ఎప్పుడూ పారిపోతామండి. ఇవాళ మేం ఏమీ చెయ్యలేదు కదా అని కూర్చున్నాం."

ఆ మాట విన్నాక ఆసుపత్రి దాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

అతను బతికాడు. కుట్లు వేస్తుంటే మావయ్య తన చెయ్యి సంగతి చెప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, పిడికిలి బిగియదు. నా చెంపకిది శుభవార్తేనని ఇంట్లో అందరినీ నవ్వించాను. ఆయన నవ్వలేదు. సుత్తి ఏదని మాత్రం అడిగాడు.

కాలవలో పారేశానని చెప్పాను. అబద్ధం. అది కారు డిక్కీలోనే ఉంది. ఆయన "మంచి పని చేశావు" అని, ఎడంచేత్తో నా చెవి నిమిరాడు. ఆ ఎడమ చెవినే.