నేను లెక్కపెట్టని గొర్రెలు

‘కొలవలేనిది లేనట్టే’ అని ఎవరైనా మహాజ్ఞానిలా సెలవిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాలేజీలో మా ఫిజిక్సు లెక్చరరు అన్న మాట అది. విన్ననాడు మాత్రం మురిసిపోయి నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్నాను.

మాది మర్పల్లి దగ్గర పల్లె, గొర్రెలు కాచుకునే ఇల్లు. లెక్కపెడితే మంద తరిగిపోతుందని మావాళ్ల నమ్మకం. నాయిన సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కొక్కదాని మొహం చూస్తూ లోపలికి వదిలేవాడు. "కుంటిదాని పిల్ల రాలే, సూసి రాపో" అనేవాడు. ఆ పద్ధతి చూస్తే నాకు సిగ్గేసేది. బీయెస్సీ చదివే కొడుకున్న ఇంట్లో ఒక సంఖ్య లేదేమిటని.

అరవైల మొదట్లో, ఎండాకాలం సెలవుల్లో నేను ఇంటి దగ్గరుండగా, చుట్టుపక్కల గొర్రెలకు అమ్మవారు పోస్తోందని వికారాబాదు నుంచి పశువుల కాంపౌండరు వచ్చాడు.

"ఎన్ని గొర్లున్నయే? గన్నిటికే సూదిమందు తెస్త. ఎక్కువ తెస్తే ఎండకు ఖరాబైతది."

"మంద పెద్దదే సారూ. జర ఎక్కువనే తేండ్రి," అన్నాడు నాయిన.

"ఎక్కువంటే ఎంత?"

నాయిన నవ్వి పొలం వైపు చెయ్యి చూపాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పొలంలోని దొడ్డి దగ్గరికి పోయి, వేలు చూపిస్తూ, పైకే లెక్కపెట్టాను. "వద్దు కొడుకా" అన్నాడు నాయిన. నేను వినకపోయేసరికి గొంగడి విదిలించి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. డెబ్బై రెండు. మళ్లీ లెక్కపెట్టినా డెబ్బై రెండే. కాంపౌండరు రాసుకుని పోయాడు.

ఈనబోయే గొర్రెలనూ, పసిపిల్లలున్న తల్లులనూ మావాళ్లు మందలో ఉంచరు. ఇంటి వెనక తడక చాటున అమ్మ సాకుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే. కళ్ల ముందున్నదే లోకమనే మదంలో అది నాకు తట్టలేదు. అమ్మనొక్క మాట అడిగితే తేలిపోయేది. అడగడం కొలత కాదు కదా!

డెబ్బై రెండింటికీ సూదులు పడ్డాయి, మందు అయిపోయింది. ఇంటి వెనకవాటికి వారంలో తెస్తానని కాంపౌండరు వెళ్లాడు. ఆలోపే తడక వెనకకు రోగం వచ్చింది. తొమ్మిది గొర్రెలు, వాటి పిల్లలతో సహా పోయాయి. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఊరంతా ఒకటే మాట, వాడు లెక్కపెట్టబట్టే చచ్చాయని. నేను రెచ్చిపోయాను. మూఢులన్నాను, వేలు చూపిస్తే జీవాలు చస్తాయా అని గొంతు బొంగురుపోయేదాకా వాదించాను. అన్నదంతా నిజమే. నా లెక్క తప్పిందని మాత్రం అనలేదు. ఊరి నమ్మకాన్ని తిడుతూ, దాని చాటునే దాక్కున్నాను.

కొన్నేళ్లకు తాండూరులో సైన్సు మాస్టరునయ్యాను. నాయిన నన్ను చూడటానికి వచ్చిన రోజు, తోటి మాస్టరొకాయన ఈ గొర్రెల కథ విని చప్పట్లు కొట్టాడు.

"కొలిస్తే వస్తువు మారిపోతుందని ఇప్పటి ఫిజిక్సు చెబుతోంది. మీ పెద్దాయనకు ఎప్పుడో తెలుసన్నమాట!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అణువు లోపలి సంగతి వేరు, గొర్రె సంగతి వేరు, రెంటినీ కలిపి మా నాయినను ఋషిని చెయ్యొద్దన్నాను. నేను లెక్కపెట్టడం వల్ల ఒక్క గొర్రె కూడా చావలేదని మళ్లీ అరిచాను.

వాకిట్లో బండ మీద కూర్చున్న నాయిన తలెత్తాడు.

"నిజమే కొడుకా. నువ్వు లెక్కవెట్టినయన్ని బతికినయి. నీ లెక్కల లేనియే సచ్చినయి."

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఊళ్లో నేను అంతమందిని మూఢులంటూ అరుస్తుంటే పక్కనే నిలబడి విన్నాడు. ఒక్కనాడూ నన్ను బయటపెట్టలేదు. ఇక నేను ఎవరి మీద అరవను?