మూడో అరలోని కొండ

పోయిన నెల మన కాలనీ పత్రికలో మా వియ్యపురాలి గురించి మీరు వేసిన నాలుగు వరుసల్లో రెండు తప్పులున్నాయి. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో ఎర్రసిరాతో బతికినదాన్ని, చూసి ఊరుకోలేను. మొదటిది, ఆమె ‘చాలాకాలం మంచాన పడి’ పోలేదు. కడపలో, తన ఇంట్లో, పొద్దున కాఫీ తాగి, పాలల్లో నీళ్ళెక్కువైనాయని పాలామెతో కాసేపు తగువాడి, వసారాలో కుర్చీలో కూర్చుని పోయింది. మంచం ఆమెను రాత్రిళ్ళు మాత్రమే చూసేది. ఫోన్ చేసిన ఆమె కొడుకు ‘అత్తా, అమ్మ లేదు’ అన్నాడు. ఎక్కడికి పోయిందని అడిగాను. ఆ మనిషి ఇంటిపట్టున లేకపోవడం మాకంత మామూలు సంగతి.

రెండోది, ‘కంప్యూటర్ల కాలంలోనూ అమాయకత్వం వీడని పాతకాలపు తల్లి’ అని రాశారు. అమాయకత్వం సంగతి ఆమెకు సరుకు వేసిన టోకు వ్యాపారులను అడగండి. కంప్యూటర్ సంగతి నన్నడగండి. నా తప్పొకటి మూడేళ్ళుగా ఆమె నెత్తిమీద ఉంది. అది దించడానికి కూడా ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మూడేళ్ళ కిందట మా మనవరాలు, నా కొడుకు కూతురు, పదకొండేళ్ళది, బడి మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుంది. సంగతి తెలిసిన మర్నాటికే కడప నుంచి వియ్యపురాలు దిగింది. పుత్తూరు కట్టు కట్టించాలని ఆమె, పిండికట్టే ఉండాలని నేను. అప్పటికే డాక్టరు పిండికట్టు వేసేశాడు కాబట్టి నేను గెలిచాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను గెలిచిందేమీ లేదు. కూతురి అత్తగారింట్లో తల్లి నాలుగు రోజులకు మించి ఉండరాదని మా రెండు కుటుంబాల్లోనూ పట్టింపు. ఆమె రెండు నెలలుంది. మొదటి వారం నన్ను ‘మీరు’ అంది, రెండో వారం ‘నువ్వు’లోకి దిగింది, మూడో వారం నా వంటింట్లో పోపుల పెట్టె చోటు మార్చింది.

మంచం మీది పిల్లకు పొద్దుపోవడానికి నా కొడుకు తన కంప్యూటర్‌ను మంచం పక్కకు జరిపి ఒక ఆట పెట్టించాడు. గెలవడం, ఓడడం లేని ఆట. దిమ్మె మీద దిమ్మె పేర్చి కొండో, ఇల్లో, ఊరో కట్టుకుంటూ పోవడమే. అట్లా ఎవరెవరో ఏయే దేశాల్లోనో కట్టిన లోకాలను ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా తీసుకోవచ్చని వదిలేస్తారట. ‘ఊరికేనా?’ అని మా వియ్యపురాలు మూడుసార్లు అడిగింది. ఊరికేనని మూడుసార్లు చెప్పాక, ‘ఊరికే వచ్చిన సరుకును ముందు విప్పి చూడాల’ అంది.

మొదటిసారి వీధి చివరి నెట్ సెంటరాయన ఒక కోటను దించి సీడీలో వేసిచ్చాడు. ఆ ఆటలో ఐదు లోకాలకే చోటు. ఐదు అరలనుకోండి, వాటికి పేర్లు కూడా అంకెలే. బయటి లోకం తేవాలంటే ఒక అరను ఖాళీ చేసి, ఆ అంకెనే దీనికి పేరుగా పెట్టి, సరిగ్గా ఆ చోట దించాలి. పిల్ల అంతా చెప్పినట్టే చేసింది. ఆట మాత్రం అర ఖాళీ అనే చూపించింది. ఫోన్ చేస్తే, వచ్చిందే చెడిపోయి ఉంటుంది, మళ్ళీ దించాలన్నాడు నెట్ సెంటరాయన. పిల్ల మొహం వాడిపోయింది. వెనక వెల్లుల్లి ఒలుస్తున్న మా వియ్యపురాలు తెరమీద ఫోల్డరు బొమ్మను కాసేపు చూసింది.

‘ఆ పసుపు సంచి విప్పు పాపా.’

విప్పితే లోపల, వచ్చినప్పటి పాత పేరుతోనే, ఇంకో పసుపు సంచి.

‘చూస్తివా? సంచిలో సంచి. చక్కెర ఇట్లనే వస్తాది, పైన గోనె, లోపల కవరు. లోపలిది తీసి అరలో పెట్టు. ఆట పైగోనె ఒకటే చూసి ఖాళీ అనుకుంటాండాది.’

కోట వచ్చింది. పిల్ల వేసిన కేకకు పక్కింటివాళ్ళు ఏమైందోనని గోడ మీంచి తొంగిచూశారు.

ఆమె చదువు ఐదో తరగతి. భర్త పోయాక ఇరవై ఏళ్ళు కడపలో కిరాణా అంగడీ, దాని గోదామూ నడిపింది. ఏ బస్తా ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇంగ్లీషు అక్షరం రాదు గానీ బస్తాల మీది మార్కా చూసి సరుకు పట్టేది. ఇక్కడా అట్లే ఒక ఫైలు పేరును మార్కాగా పట్టింది. ఐదక్షరాలు, అటు చివర ఇటు చివర నిలువు కర్రలు, నట్టనడుమ సూదిమొన. సంచి విప్పగానే ఆ మార్కా కనబడితే అసలు సంచి అదే, లేదంటే ఇంకా లోపలికి పోవాలి. నేను ఆ ఐదక్షరాలనూ ‘లెవెల్’ అని చదివి, అర్థం చెప్పి, స్పెల్లింగు కూడా చెప్పాను. దాంతో ఎవరికీ ఏ ఉపయోగమూ కలగలేదు.

ఆమెది ఇంకొక పద్ధతి ఉండేది. గోదాములో కొత్త సరుకు దించేముందు పాతదాంట్లోంచి గుప్పెడు తీసి, పొట్లం కట్టి, పేరు రాసి పక్కన పెట్టేది. దాన్ని మచ్చు అంటారు. ఆటలోనూ ఏ అర ఖాళీ చేయాలన్నా ముందు దాంట్లో ఉన్న లోకాన్ని సీడీలోకి ఎక్కించాల్సిందే. సీడీ మీద తన కోడికాళ్ళ తెలుగులో తానే రాసేది. ఆ రాతల్లో కొన్ని నాకింకా గుర్తు. ‘కోట. గాలాడదు.’ ‘రైలు. ఊరికే తిరుగుతాది.’ ‘దీవి. మంచిది, మనుషుల్లేరు.’

కొత్త లోకంలోకి పోగానే ఒక ఇటుకైనా పీకనిచ్చేది కాదు. పరాయివాళ్ళ ఇల్లు, ముందంతా తిరిగి చూడాలి, గడప దగ్గర ఒక దీపం పెట్టాలి, ఆ తర్వాతే ఆట. ఆ కట్టినవాళ్ళకు తెలియదు గానీ, వాళ్ళ కోటలన్నింటి ముందూ కర్నూలులో ఒక పిల్ల దీపం పెట్టింది.

మూడో అర మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది మనవరాలి సొంత లోకం. అందులో ఓర్వకల్లు గుట్టల్లాంటి రాతికొండ ఒకటి ఎత్తి, దానికి మెట్లు వేస్తూ పోయింది. కాలు కదపలేని పిల్ల రోజూ మెట్లు కట్టేది. కట్టు విప్పే రోజుకు చివరి మెట్టు పడాలని పంతం. కొండమీద గుడి కడతావా అని నేనడిగితే, అంగడి అంది. ఎవరు నేర్పారో అడగాలా?

‘అంత ఎత్తెక్కినోళ్ళకు దప్పికైతాది గదా. ముందు అంగడి ఉండనీ. దేముడు నిదానంగా వస్తాడు’ అంది మా వియ్యపురాలు.

కట్టు విప్పడానికి ఎనిమిది రోజులుందనగా ఆమె పిల్ల కాలికోసం మొక్కుకున్న మొక్కు తీర్చడానికి మహానంది పోయింది. కోనేట్లో మునిగి, రెండు నిద్రలు చేసి, మూడో రోజు వస్తానంది. పోయేముందు మూడో అరకు మచ్చు తీయించి మరీ బస్సెక్కింది. ఆ మూడు రోజులూ పిల్ల అన్నానికి కూడా తలెత్తలేదు. మిగిలిన మెట్లన్నీ వేసి, కొండమీద అంగడి కట్టింది. గల్లాపెట్టె బల్ల, పప్పుల అరలు, వెనక గోదాము. మొదటిసారి ఎవరూ పక్కన లేకుండా కట్టింది. అవ్వ రాగానే చూపించాలి, అంతవరకూ జేజికి కూడా చూపించనని నన్ను తెరవైపు రానివ్వలేదు. జేజి అంటే నేను.

మూడో రోజు మధ్యాహ్నం తిని పిల్ల నిద్రపోయింది. నెట్ సెంటరాయన కొత్త సీడీ పంపాడు. సముద్రం ఒడ్డున ఏదో పట్నమట. నాకు బుద్ధి పుట్టింది. ఐదో తరగతి చదివిన మనిషి చేసే పని నేను చేయలేనా, పిల్ల లేచేసరికి పెట్టి ఉంచుదామనుకున్నాను. సంచిలో సంచి తీశాను, మార్కా చూశాను, అంకె పేరు పెట్టాను. ఆ పేరుతో ఇక్కడ ఒకటి ముందే ఉంది, దాని బదులు దీన్ని పెట్టమంటావా అని కంప్యూటర్ ఇంగ్లీషులో అడిగింది. ఇంగ్లీషు రాని ఆమె ఆ ప్రశ్న కనబడిన ప్రతిసారీ చెయ్యి తీసేసి పిల్లను పిలిచేది. ఇంగ్లీషు వచ్చిన నేను చదివాను, అర్థం చేసుకున్నాను, అందులో ఉన్నది పాత కోటేననుకుని అవునని నొక్కాను. నేను పెట్టిన అంకె మూడు.

తెరిచి చూస్తే కొండను ఎవరో కత్తితో నిలువునా కోసినట్టుంది. అర ఖాళీ చేయకుండా పెట్టడంతో కొత్తది పాతదాన్ని సగమే మింగింది, కోసినచోట సముద్రం. సగం మెట్లు గాలిలో ఆగిపోయాయి. అంగడి లేదు. ముప్పై ఏళ్ళు భూగోళం పాఠం చెప్పిన మనిషి చేతిలో భూగోళానికి అయిన గతి అది.

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. తడిబట్టల సంచీ, ప్రసాదం పొట్లంతో ఆమె లోపలికి వచ్చింది.

‘ఏమి వదినా, మొగం అట్లుండాది?’

నేను తెర చూపించాను. ఆమె పొట్లం నా చేతిలో పెట్టి తెరమీదికి వంగింది.

‘చదివే నొక్కితివా?’

‘చదివే.’

‘సరే. పోయి కాఫీ పెట్టుపో.’

వంటింట్లో ఉండగానే పిల్ల లేచిన అలికిడి, తర్వాత ఏడుపు వినబడ్డాయి. నేను గడప దగ్గరికి వచ్చేసరికి మా వియ్యపురాలు కంప్యూటర్ ముందు, నేను కూర్చున్న కుర్చీలో కూర్చుని ఉంది. కొత్తది పెడదామని చూస్తే చెయ్యి జారింది, ముసలిదాన్ని పాపా, అంటోంది. అరవై ఎనిమిదేళ్ళలో ఆమె తనను ముసలిదాన్నని ఒప్పుకోవడం అదే మొదలు.

‘నీకే కట్టినా అవ్వా అంగడి. నువ్వు చూడకముందే కూలగొడితివి’ అంది పిల్ల.

నేను నోరు తెరిచాను. ఆమె నావైపు ఒక్క చూపు చూసింది. బేరం ముగిసినా కదలని గిరాకీని పంపించే చూపు అది. కాఫీ తేవడానికి వెనక్కి తిరిగాను.

రెండు రోజులు పిల్ల ఆమెతో మాట్లాడలేదు. నా చేతి ముద్దే తింది. అంత చప్పిడి ముద్దలు నేను జన్మలో కలపలేదు. రెండో రోజు వంటింట్లో, ఇక నావల్ల కాదు, చెప్పేస్తానన్నాను. ఆమె చింతపండు పిసుకుతూ తలెత్తకుండా జవాబు చెప్పింది.

‘నేను ఇంగ నాలుగు దినాలుండి పోయేదాన్ని. నామీది కోపం నాతోనే బస్సెక్కుతాది. నువ్వు ఈడ ఉండేదానివి. కట్టిప్పినాక ఆ పిల్లను దినామూ నడిపించాల్సింది నువ్వు. నీమీద కోపముంటే ఎవురి చెయ్యి పట్టుకుని నడుస్తాది?’

మూడో రోజు పిల్ల తనే అడిగింది, మచ్చు ఉందా అని. ‘ఉండాది’ అంది అవ్వ. సీడీలోంచి పాత కొండ వచ్చింది, పైమెట్లూ అంగడీ లేకుండా. ఇద్దరూ భోజనాలకు కూడా లేవకుండా రెండు రోజులు కట్టారు. అంగడి ఈసారి పెద్దదే అయింది గానీ, మొదటిదే బాగుండేదని పిల్ల అంది. అవ్వ అంతా తిరిగి చూసి, ఉప్పు యాడ పెట్టినావని అడిగింది. లోపల అంటే ఒప్పుకోలేదు.

‘ఉప్పు బయట ఉండాల. అంగడి మూసినాక కూడా. ఎవురికి అక్కరైతే వాళ్ళు తీసుకోనీ.’

బయటకు మార్చారు. చివరి మెట్టు కట్టు విప్పే రోజు పొద్దున పడింది. సాయంత్రం మనవరాలు నా చెయ్యి పట్టుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. మర్నాడు మా వియ్యపురాలు కడప బస్సెక్కింది.

ఆ తర్వాత మూడేళ్ళు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఆమె నన్ను అనని మాట లేదు. నా సాంబారులో చింతపండు ఎక్కువంది, నా కొడుక్కు పొట్ట పెరగడం నా పెంపకమే అంది, నా పోపుల పెట్టె నేను మళ్ళీ పాతచోటికి మార్చిన సంగతి ఎట్లా తెలిసిందో దాన్నీ వదల్లేదు. ఈ ఒక్క మాట మాత్రం ఎత్తలేదు. పోయినేడాది ఒక పెళ్ళిలో పదిమంది ఆడవాళ్ళ మధ్య ఎవరో కంప్యూటర్ల మాట తెస్తే, ‘మా వదిననడగండి, చదువుకున్నామె’ అంది. ఎకసెక్కమేమోనని మొహంలోకి చూశాను. కనబడలేదు. ఆకులో ఉన్న బొబ్బట్టు మీదే ఉంది ఆమె దృష్టంతా.

ఇప్పుడిది మనవరాలికి రాస్తున్నాను, మిగతావాళ్ళు చదివినా సరే. పాపా, నీ అంగడిని కూలగొట్టింది మీ అవ్వ కాదు, నేను. అప్పుడు నువ్వు రెండు రోజులు తిన్నది తప్పు చేసినవాళ్ళ చేతి అన్నం. కోపం రావాలి, రానివ్వు. ఇప్పుడు నీ కాళ్ళు గట్టిగానే ఉన్నాయి, నా చెయ్యి అక్కర్లేదు. కానీ కోపంతో తలుపు వేసుకునే ముందు ఒక పనుంది. ఇక్కడినుంచి పోయాక మీ అవ్వ కడపలో తన అంగడి వెనకగదిలో ఒక పాత కంప్యూటర్, దాంట్లో ఈ ఆటే పెట్టించుకుంది కదా, దాన్ని ఎవరికో ఇచ్చేస్తున్నానని మీ మామ చెప్పాడు. ఆ ఆట మొదటి అరలో ఉన్నది ఎక్కడినుంచీ దించింది కాదట, ఆమె సొంతంగా కట్టుకున్నదట. ఏం కట్టిందో చూసినవాళ్ళు లేరు.

ఆదివారం మీ అమ్మతో కడప పో. తెల్లవారుజామున ఐదు గంటల బస్సయితే ఎండ ముదరకముందే చేరతారు. ఖాళీ సీడీలు రెండు తీసుకుపో, ఒకటి చాలదు. తొమ్మిదికి కరెంటు పోతే పదకొండుకు గానీ రాదట, వచ్చాకే మొదలుపెట్టు. తెర వెలగకపోతే వెనక తీగ సందులో మీ మామ అగ్గిపుల్ల దూర్చి పెట్టాడు, అది కొంచెం లోపలికి నొక్కు, పీకొద్దు. మొదటి అరలో ఉన్నది రెండు సీడీల్లోకీ ఎక్కించి, సరిగ్గా వచ్చిందో లేదో అక్కడే తెరిచి చూడు. ఇంటికి తెచ్చాక నువ్వే పెట్టు, నేను దూరంగా కూర్చుంటాను. వచ్చేటప్పుడు కంప్యూటర్ మీద ఆమె కప్పే టవలు ఉంటుంది, మళ్ళీ కప్పి రా. ఆ వీధిలో దుమ్మెక్కువ.