తునికాకు కింద దాచిన దరఖాస్తు

నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో రెండు రకాల గ్లాసులుండేవి. ఊరివాళ్లవి లోపల బల్ల మీద, మా వాడవాళ్లవి బయట చూరులో. కూలికి పోయివచ్చిన మా మగవాళ్లు చూరులోంచి గ్లాసు తీసుకుని, చాయ్ తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఆ పద్ధతి మీద కొట్లాడినవాడు మా బాపుకు అన్న, మా పెద్దబాపు. అబ్బో, ఆయన నోరు విప్పితే కోహెడ సంతలో జనం బేరాలు ఆపి వినేవారు. ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో మాత్రం ఎవరూ అడగలేదు. మా పెద్దమ్మ బీడీలు చుట్టేది, దాంతో వెలిగేది. అమ్మా బాపు బతుకుదెరువుకు బొంబాయి పోతూ నన్ను వాళ్ల దగ్గరే వదిలారు కాబట్టి ఇదంతా నా కళ్ల ముందే జరిగింది.

పెద్దబాపుకు మాటలు వచ్చు గాని రాత రాదు. పెద్దమ్మ ఐదో తరగతి దాకా చదివింది. అందరికీ ఒకటే గ్లాసు ఉండాలని దరఖాస్తు రాసింది ఆమె. దాని మీద వాడంతా వేలిముద్రలు పెట్టారు. పెట్టారన్నమాటే గాని, ఊరి దొర రేపటి నుంచి కూలికి పిలవడేమోనని అందరికీ లోపల దడే. మూడోరోజు పొద్దున్నే కాగితం సిద్దిపేటలో ఆఫీసరు చేతికి అందాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఒక్కొక్కరే వెనక్కి తగ్గుతారని పెద్దమ్మకు తెలుసు.

దానికి ముందురోజు పెద్దబాపు పక్క ఊరికి వెళ్లారు. పెద్దమ్మ నీళ్లకు పోయింది. దొర మనుషులు ఇద్దరు మా గల్లీలోకి తిరగడం చూశాను. కాగితం కోసమేనని తెలిసిపోయింది. గూట్లోంచి దాన్ని లాగి, తడి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకు కట్టల కింద దూర్చాను. బీడీలు చుట్టే ఇంట్లో పిల్లను, దాచడానికి నాకు అంతకంటే మంచి చోటు తట్టలేదు. వాళ్లు కుండలు బోర్లించారు, పెట్టె తిరగేశారు, తంబాకు చాటను కాలితో తన్నారు, పోయారు. ఆకు జోలికి రాలేదు. నేను చేసిన ఘనకార్యానికి నేనే మురిసిపోయాను.

పెద్దమ్మ వచ్చి గోనెపట్టా విప్పితే తెలిసింది నా తెలివి. ఆకు మెత్తబడాలని మేమే పొద్దున దాని మీద నీళ్లు చల్లాం. అక్షరాలూ ముద్రలూ ఒకదాంట్లో ఒకటి కలిసి నీలం మరకలైపోయాయి. నేను గొల్లుమన్నాను. ఆమె నా ముక్కు తన కొంగుతో తుడిచింది.

"ఏడ్వకు బిడ్డా. ఎవ్వరికి చెప్పకు. దొర మనుషులు అచ్చిన్రని తెలిస్తే మల్ల ఎవ్వరు నిషాని పెట్టరు. మీ పెద్దబాపుకు అసలే చెప్పకు."

నా నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, గుర్తున్నది గుర్తున్నట్టు మళ్లీ రాసింది. సిరాబుడ్డి, గుడ్డపేలిక నాకిచ్చి గడప దాటింది. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడుతోంది. మొదటి ఇంట్లోనే ఆయన గయ్యిమన్నాడు.

"మొన్ననే పెడ్తిమి గదా, మల్లేంది?"

"నా రాతల తప్పువడ్డదే అన్నా. నీ నిషాని మంచిగనే ఉండె."

ప్రతి ఇంట్లో అదే మాట. తప్పు నాది, మోసింది ఆమె. ఒక ఇంట్లో మగాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెద్దమ్మ ఆయనతో మాట్లాడనే లేదు. బియ్యం చెరుగుతున్న ఆయన భార్య పక్కన తానూ కూర్చుని రాళ్లు ఏరుతూ, "నీ కొడుకు గూడ గదే చూరుల గ్లాసు కడగాల్నానే?" అంది. ఆ తల్లి చాట పక్కకు పెట్టి తన బొటనవేలు సిరాలో అద్దింది.

వాడంతా తిరిగేసరికి పొద్దు గూకింది. ఆ రోజు ఒక్క బీడీ చుట్టలేదు. మర్నాడు బీడీల కార్ఖానాలో లెక్క చూసే మున్షీ అందరి ముందు నానా మాటలన్నా తల వంచుకుని నిలబడింది. ఆ రాత్రి కాగితం ఆరబెడుతుంటే అడిగాను, "పెద్దమ్మా, నీ సంతకమేది?" అని.

"ఇంటికొకటి చాలన్నడు మీ పెద్దబాపు. ఆయన పెడ్తడు గదా."

అదే సాకు విని పెద్దబాపు కూడా పైన ముద్ర వేసి, పొద్దున్నే కాగితం సిద్దిపేటలో ఇచ్చి వచ్చారు. కొన్నాళ్లకు గ్లాసులు ఒకటయ్యాయి. బడి ముందు సభ పెట్టారు. మెడ నిండా దండలతో పెద్దబాపు, "గడప గడప తిరిగి నిషానీలు పెట్టిచ్చిన" అన్నారు. చప్పట్లు మోగాయి. పెద్దమ్మ గోడ వెనక సభకంతా చాయ్ కాస్తోంది. నేను ఆమె మొహం వంక చూశాను. ఆమె పొయ్యిలోకి కట్టె తోసింది. మా ఆడవాళ్లు హోటల్లో కూర్చునే కాలం కాదది. ఏ గ్లాసు కోసం అంత తిరిగిందో ఆ గ్లాసులో ఆమె చచ్చేదాకా చాయ్ తాగలేదు.

ఆమె పోయాక పెద్దబాపుకు అంతా చెప్పాను. "గట్లనా బిడ్డా" అని కళ్లు తుడుచుకున్నారు. తర్వాతి సభలో మళ్లీ అదే మాట, గడప గడప తిరిగానని. అప్పుడు మండిన కడుపు ఇప్పటికీ చల్లారలేదు.

మొన్న వేసవిలో ఊళ్లో ఆయన విగ్రహం పెట్టారు. ఆఫీసు పాత కాగితాల్లోంచి తెచ్చిన ఆ దరఖాస్తును అద్దంలో బిగించి పక్కన వేలాడదీశారు. "గిది మా నాయకుని చేతిరాత" అన్నాడు మైకులో పిల్లవాడు. నేను కర్ర పట్టుకుని లేచి వెళ్లి మైకు అందుకుని, "గది మా పెద్దమ్మ రాత, బిడ్డా" అన్నాను. "అమ్మమ్మకు యాది తప్పుతుంది" అని వాడు మైకు నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. జనం నవ్వారు. అద్దం దగ్గరికి వెళ్లి ముద్రలన్నీ వేలితో తడుముతూ చూశాను. పెద్దబాపు పేరు పక్కన ఆయన ముద్ర అన్నిటికంటే పైన ఉంది. ఆమెది ఎక్కడా లేదు.

వాణ్ని తిట్టి ఏం లాభం? పెద్దమ్మ నన్ను నోరు మూసుకోమన్నది ఆ ఒక్కరోజుకు. ఆమె బతికున్నన్నాళ్లూ మూసుకున్నది నేను. ఆ రోజు కాగితాన్ని దాచినట్టే ఆమె సంగతినీ పదిలంగా దాచాననుకున్నాను. ఇప్పుడు తీసి చూపిస్తే ఎవరికీ అక్షరం కనబడటం లేదు.