కోసుకోవడానికి వెళ్తే కోసిపెట్టేశారు

కూరగాయలు మనమే కోసుకుని కొనుక్కునే తోట అనగానే నాకు కాలు నిలవలేదు. సోమందేపల్లి దగ్గర నా చిన్ననాటి స్నేహితురాలు శారద మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి పెట్టింది. ఆదివారం ఉదయం ఆరున్నరకి ధర్మవరంలో ప్యాసింజరెక్కాను, ఇరవై రూపాయల టికెట్టు. పక్కన పట్టుగూళ్ల మూటతో హిందూపురం వెళ్తున్న పెద్దాయన పలకరించాడు.

"యాడికి పోతాండావమ్మా?"

"కూరగాయలు కోసేకి."

"దుడ్లూ నువ్వే ఇచ్చి, కూలీ నువ్వే చేసేదా!"

ఆయన నవ్వుకి బోగీ అంతా తిరిగి చూసింది. నేనూ పడీ పడీ నవ్వాను.

పెనుకొండలో దిగి ఉగ్గాని, రెండు బజ్జీలు తిని బస్సెక్కాను. సోమందేపల్లి నుంచి ఆటో. తొమ్మిదికల్లా తోటలో ఉన్నాను. హిందూపురం నుంచి వ్యాన్లో ఇరవైమంది ఖాళీ బుట్టలతో అప్పుడే దిగుతున్నారు.

శారద ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు. మొక్కలకి ఒక్క వంకాయ లేదు, ఒక్క బెండకాయ లేదు. అన్నీ గట్టుమీద కుప్పలుగా ఉన్నాయి. ఆ నేల ఇచ్చిన వాళ్ల మామ నారాయణప్ప తెల్లారేసరికే కోసేశాడట!

"ఇంటికొచ్చిన సుట్టాలతో కూలి చేయిస్తారామ్మా? మర్యాద ఉండొద్దా?" అన్నాడాయన ఎంతో గర్వంగా.

దున్నకుండా, నేలమీద ఆకులూ వేరుశనగ పొట్టూ కప్పి, పది రకాలు కలిపి పండించే ఈ పద్ధతిని ఆయన మొదటినుంచీ నమ్మలేదు.

"ఇదే మొదటిరోజు. వీళ్లు తమ చేత్తో ఏమీ కోయకుండా పోతే మళ్లీ రారు. అప్పుడు మామ తిరగ దున్ని ఎప్పట్లా చెనిక్కాయ పంట వేస్తాడంట," అని శారద నా చెవిలో అంది.

"ముల్లంగి వేయలేదా?" అన్నాను.

శారద ఎగిరి గంతేసింది. దున్నని నేలలో గడ్డ దిగదని ఆయన ముల్లంగి, క్యారెట్ మడులవైపు తొంగైనా చూడలేదట!

ఇక చూడాలి మా పరుగు. పార లేదు, కత్తి లేదు, ఆకు పట్టుకుని లాగడమే. మొదటి ముల్లంగి ఎంత సులువుగా వచ్చిందంటే నేను వెల్లకిలా పడ్డాను. వ్యాన్లో వచ్చిన ఓ బట్టల అంగడాయన రెండు కాళ్లున్న క్యారెట్ పీకి, దాన్ని అందరి ముందూ నడిపించాడు. నవ్వలేక కడుపు పట్టుకున్నాం.

ఆ గోలకి నారాయణప్ప వచ్చాడు. వంగి, పొట్టు పక్కకి తోసి, మట్టిలోకి చెయ్యి దూర్చాడు. మణికట్టు దాకా దిగింది. గుప్పెడు తీస్తే రెండు వానపాములు. వాటిని మళ్లీ మట్టిలోనే వదిలి పొట్టు కప్పాడు.

"మా నాయన కాలంలో ఇట్లుండె ఈ మన్ను," అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారం ఎండెక్కకముందే చేరుకోండి. బుట్ట ఒక్కటి చాలు. ఇంతగా నవ్వి నాకు ఎన్నేళ్లయిందో గుర్తులేదు.

నాలుగింటి బస్సు దాకా నారాయణప్పే వచ్చాడు. కిటికీలోంచి వంకాయల సంచి అందించి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు: "పక్క ఎకరా గూడా శారదకే ఇచ్చేస్తి. వచ్చేవారం రామ్మా, నేనేమీ ముట్టను. మీతోబాటే బుట్ట పట్టుకోని నిలబడతా."